పదో ముడి దగ్గర నీళ్లు

ఆయనకి పెట్టిన పేరు ఆఫీసు కాగితాల్లో తప్ప ఇంకెక్కడా బతకలేదు. ఆనకట్ట మీదా, పవర్‌హౌసులోనూ, దిగువన చేపపిల్లల తొట్ల దగ్గరా, చివరికి ఇంట్లో కూడా ఆయన ముడులాయనే.

పేరు వచ్చింది తాడు నుంచి. నలభై మీటర్ల నైలాను తాడు, మీటరుకో ముడి. ఐదో ముడికి ఒక ఎర్రగుడ్డ పీలిక, పదో ముడికి రెండు, ఆ తర్వాత మళ్లీ ఐదేసికి ఒకటి. తాడు చివర ఇత్తడి చట్రంలో బిగించిన గాజు సీసా, దాని కింద సీసం ముద్ద. సీసా మూతకి వేరే సన్నతాడు. కావలసిన లోతుకి దింపి ఆ సన్నతాడుని ఒక్క గుంజు గుంజితే మూత ఊడి, అక్కడి నీళ్లే సీసాలోకి వస్తాయి. పైన బుడగలు తేలడం ఆగేదాకా ఉండి లాగాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ తాడు అరచేతుల్ని కోసేది. తరవాత తరవాత అరచేతులే తాడుని అరగదీశాయి.

పొద్దున ఆరింటికల్లా ఆనకట్ట మెట్ల దగ్గర పడవ విప్పేవాడు. మోటారు నడిపేదీ, తాడు దింపేదీ, రాసేదీ ఆయనే. సీసా పైకి రాగానే రెండు మందులు చుక్కలు చుక్కలుగా వేసి, మూత పెట్టి, తలకిందులు చేసి తిప్పేవాడు. నీళ్లలో గాలి కలిసి ఉంటే టీపొడి రంగు మడ్డి కిందికి దిగుతుంది. గాలి ఎంత ఉంటే రంగు అంత ముదురు. గాలి లేకపోతే పాలు విరిగినట్టు తెల్లటి మడ్డి. తర్వాత ల్యాబులో ఆ గాలి ఎంతో ఇంకో మందుతో కొలిచి, లీటరుకి ఇన్ని మిల్లీగ్రాములని అంకె రాయాలి గానీ, ముడులాయన రంగు చూసే అంకె చెప్పేసేవాడు. ల్యాబు అంకెకీ తన అంకెకీ అర పాయింటు తేడా వచ్చిందంటే ఆ రోజంతా ముభావంగా తిరిగేవాడు.

"నీళ్లకి ఊపిరుందా లేదా చూడ్డం, అదీ నా ఉద్యోగం" అని ఎవరైనా అడిగితే గొప్పగా చెప్పేవాడు.

"నీళ్లకి ఊపిరుందో లేదో రోజూ చూస్తారు. ఇంట్లో మనిషికి ఉందో లేదో ఎప్పుడైనా చూశారా?" అని పక్కనే ఉన్న భార్య అందుకునేది. ఆయన నవ్వేవాడు. చూసేవాడు మాత్రం కాదు.

ల్యాబుకి వెళ్లకముందే, పడవలో కూర్చునే ఆయన చేసే పని ఇంకొకటుంది. అక్కకి ఫోను చెయ్యడం.

అక్క ఆయనకన్నా తొమ్మిదేళ్లు పెద్దది. తల్లి పోయేనాటికి ఆయనకి మూడేళ్లు. అన్నం తినిపించడం, తల దువ్వడం, అబద్ధమాడితే వీపు పగలగొట్టడం అన్నీ ఆవిడే చేసింది. ఆనకట్టకి రెండు కిలోమీటర్ల దిగువన, ఏటి ఒడ్డున ఆవిడకి ఆరు సిమెంటు తొట్లున్నాయి. గుడ్ల నుంచి బయటపడ్డ చేపపిల్లల్ని తెచ్చి, వేలెడు పొడుగు అయ్యేదాకా పెంచి, చెరువులవాళ్లకి ఇస్తుంది. కనురెప్ప వెంట్రుకంత ఉన్నప్పటి నుంచీ పెంచుతుంది గనక వాటిని చేపలని అనదు, పిల్లలు అంటుంది. తొట్లకి నీళ్లు ఏటి నుంచి ఒక చిన్న కాలవలో వస్తాయి. ఏట్లోకి నీళ్లు వచ్చేది పవర్‌హౌసు నుంచే. అందుకే రోజూ కాలవ గేటు తెరిచేముందు తమ్ముడి అంకె కావాలి ఆవిడకి.

"అక్కా, పదో ముడి దగ్గర ఆరు."

"ఆరా? నిన్న ఆరున్నర అన్నావుగా. ఆ అర ఎవరు తాగేశారు?"

"చేపలు తాగుంటాయి."

"నీ మొహం. చేపలు నా దగ్గరున్నాయి. సరే, పెట్టెయ్."

పద్నాలుగేళ్లపాటు రోజూ ఇంతే. ఆరు అంటే పిల్లలు హాయిగా తిరుగుతాయి. మూడుకి దిగితే పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. అంతకన్నా కిందికి వెళ్లిన రోజు ఆ పద్నాలుగేళ్లలో రాలేదు.

పదో ముడే ఎందుకంటే, చేరిన మొదటిరోజు అప్పటి పెద్ద కెమిస్టు చెప్పాడు. పవర్‌హౌసుకి నీళ్లు తీసుకునే గొట్టం నోరు ఆనకట్ట గోడలో పది మీటర్ల లోతున ఉంది, టర్బైను తిప్పి ఏట్లోకి పోయేవి ఆ నీళ్లే, కాబట్టి అక్కడే పట్టు అన్నాడు. రిజిస్టరులో కూడా గడి మీద 'పది మీటర్లు' అని అచ్చువేయించి ఉంది. అచ్చులో ఉన్నదాన్ని అనుమానించడం ముడులాయనకి అలవాటు లేదు.

ఆ పద్నాలుగేళ్లూ వానలు అంతంతమాత్రం. జలాశయం ఏనాడూ సగం దాటి నిండలేదు. ఒక మీటరు పెరిగేది, ఒక మీటరు తగ్గేది. నీళ్లు వెనక్కి పోయిన ఒడ్డంతా తుప్పలు పెరిగాయి. మొదట మోకాలెత్తు, తర్వాత మనిషెత్తు. మేకలు తోలుకొచ్చేవాళ్లకి తప్ప అవి ఎవరికీ పట్టలేదు.

పదిహేనో ఏడు వాన పట్టిందంటే వదల్లేదు. నెల తిరిగేసరికి తుప్పలన్నీ మునిగాయి. రెండు నెలలకి నీళ్లు ఆనకట్ట అంచుకి వచ్చాయి. జనం పిల్లాపాపలతో వచ్చి గోడ పట్టుకుని చూశారు, ఫొటోలు దిగారు. పవర్‌హౌసులో అందరి మొహాల్లోనూ నవ్వే. లోతు ఎంత పెరిగితే నీళ్లకి అంత జోరు, జోరు ఎంతో కరెంటు అంత. అక్క కూడా చూడ్డానికి వచ్చింది. గోడ పట్టుకుని నిలబడి, "ఇంక మనకి ఏ భయమూ లేదురా" అంది.

ఆ శీతాకాలం నీళ్లు బాగానే ఉన్నాయి. చలికి పైనీళ్లు బరువెక్కి కిందికి దిగుతాయి, కిందవి పైకి లేస్తాయి. జలాశయం మొత్తం తనని తాను కలియబెట్టుకుంటుంది. అడుగున ఉన్న నీటికి కూడా ఏడాదికోసారి బయటి గాలి తగిలేది అప్పుడే. వేసవిలో అలా కాదు. స్నానానికి బకెట్లో చన్నీళ్ల మీద వేడినీళ్లు పోసి చెయ్యి పెట్టకుండా వదిలేస్తే, పైన మరుగుతుంటుంది, అడుగున చల్లగానే ఉంటుంది. జలాశయంలో చెయ్యి పెట్టి కలిపేవాళ్లెవరు? గాలి కలుపుతుంది గానీ దాని చెయ్యి పైపైనే ఆగిపోతుంది. అడుగునీళ్లు మూత పెట్టిన గిన్నెలో ఉన్నట్టు ఉండిపోతాయి. కుళ్లే ఆకూ అలమూ ఏదైనా ఉంటే, ఉన్న కాస్త ఊపిరీ అదే తాగేస్తుంది. ఆ ఏడు అడుగున మనిషెత్తు తుప్పలున్నాయి, పద్నాలుగేళ్లు పెరిగినవి.

ఇదంతా ముడులాయనకి తెలుసు. కొత్తవాళ్లకి బకెట్ ఉదాహరణ చెప్పేదే ఆయన. తెలిసినవాడు తాడు ఎక్కడ ఆపాడో, అక్కడ వచ్చింది చిక్కంతా.

శీతాకాలం చివర టర్బైన్లు మరమ్మత్తుకి ఆపారు. నెలన్నర అన్నది మూడు నెలలు సాగింది. అంతకాలం ఏట్లోకి ఆనకట్ట పై గేటు నుంచి సన్నగా నీళ్లు వదిలారు. పైనీళ్లు గనక వెచ్చగా, శుభ్రంగా ఉన్నాయి. అక్క పిల్లలు చకచకా పెరిగాయి. వేసవి ముదిరాక ఒకరోజు పొద్దున పై గేటు మూసి టర్బైను తిప్పడం మొదలుపెట్టారు.

ఆరింటికి ముడులాయన తాడు దింపాడు. రెండు పీలికల దగ్గర ఆపాడు. సీసా పైకి వచ్చింది. మందు వేశాడు. చక్కటి గోధుమరంగు.

"అక్కా, పదో ముడి దగ్గర ఆరున్నర."

"టర్బైను నీళ్లు వస్తున్నాయి కదా ఇవాళ్టి నుంచి. తెరవనా?"

"నిక్షేపంగా తెరువు."

అక్క ఐదు తొట్లకి నీళ్లు మార్చింది. ఆరో తొట్టిలో పిల్లలు వారం కిందటే వచ్చాయి, ఇంకా చిన్నవి. వాటి నీళ్లు మార్చే రోజు కాదు, ముట్టుకోలేదు.

తొమ్మిదింటికి ఫోను మోగింది. ముడులాయన ల్యాబులో సీసాలు కడుగుతున్నాడు.

"ఒరేయ్, నీళ్లు కంపు కొడుతున్నాయి. మురిగిన గుడ్డు కంపు."

"కంపేంటి? పొద్దున్నే చూశానుగా."

"పిల్లలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయిరా. మూడో తొట్టిలో తెల్లగా తేలుతున్నాయి. ఏం చెయ్యను? చెప్పు, ఏం చెయ్యను?"

అక్క గొంతు అలా వణకడం ఆయన ఎప్పుడూ వినలేదు. ఆ వణుకు విన్నవాడు పరుగెత్తుకు వెళ్లాలి. ఆయన ముందు తన అంకెని కాపాడుకున్నాడు.

"నా నీళ్లు బాగానే ఉన్నాయక్కా. నువ్వే మేత ఎక్కువ వేసుంటావు. అడుగున కుళ్లి ఉంటుంది."

అటు నుంచి ఫోను పెట్టేసిన శబ్దం.

ఈ సంగతి ముడులాయన తన చివరి రోజుల దాకా చెప్పేవాడు. చెప్పమని ఎవరూ అడక్కపోయినా చెప్పేవాడు. వానలూ, తుప్పలూ, సీసా రంగూ అన్నీ గడగడా సాగేవి. మేత మాట దగ్గరకి వచ్చేసరికి మాత్రం ఆగి, కళ్లజోడు తీసి, ఎప్పుడూ మసకబారని అద్దాల్ని తుడుచుకునేవాడు. ఇప్పుడు ఆయనా లేడు, ఆ ఆగడమూ లేదు.

సీసా, మందులు సంచీలో వేసుకుని సైకిలు తొక్కుకుంటూ దిగువకి వెళ్లాడు. వెళ్లింది తప్పు ఒప్పుకోవడానికి కాదు. కాలవ నీళ్లు పట్టి, మందు వేసి, ఇదిగో గోధుమరంగు చూడు, తప్పు తొట్లలోనే ఉంది అని చూపించడానికి. మలుపు తిరగ్గానే వాసన ముక్కుకి తగిలింది. అయినా ఆగలేదు.

ఐదు తొట్ల మీదా తెల్లటి పొర. దగ్గరకి వెళ్తే గానీ అవి చిన్నచిన్న పొట్టలని తెలియలేదు. అక్క వల చేత్తో పట్టుకుని నిలబడి ఉంది గానీ తియ్యడం లేదు. ఆవిడ తమ్ముడిని చూసింది.

ముడులాయన కాలవ దగ్గర వంగి సీసా ముంచాడు. నీళ్లు చలికాలం నీళ్లలా జివ్వుమన్నాయి. బయట ఎండ మండిపోతోంది. ఆ చలికే సగం అర్థమైంది. చుక్కలు వేసి, మూతపెట్టి తిప్పాడు. సీసాలో పాలు విరిగాయి. అక్క ఆయన భుజం మీదుగా చూస్తూ ఉంది. పద్నాలుగేళ్లుగా అంకెలతో పాటు రంగులూ వింటోంది గనక ఏ రంగుకి ఏ అర్థమో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు.

"అక్కా..." అన్నాడు.

"ముందు వెళ్లి నీ పదో ముడి చూసుకుని రా" అంది అక్క.

ఎండ నడినెత్తిన ఉండగా మళ్లీ పడవ విప్పాడు. పదో ముడి దగ్గర పట్టాడు. గోధుమరంగు. కళ్లు నులుముకుని ఇంకోసారి పట్టాడు. గోధుమరంగే. రెండు కిలోమీటర్ల దిగువన తెల్లగా ఉన్న నీళ్లు ఇక్కడ గోధుమరంగులో ఎలా ఉన్నాయి? ఏమీ తోచక తాడు ఇంకా వదిలాడు. పన్నెండో ముడి దగ్గర రంగు పలచబడింది. పద్నాలుగు దగ్గర ఉందా లేదా అన్నట్టుంది. పదహారు దగ్గర తెలుపు. ఇరవై దగ్గర మూత తీస్తే చాలు, మందు అక్కర్లేకుండానే ముక్కు చెప్పేసింది.

అప్పుడు తల ఎత్తి గోడ వైపు చూశాడు. ఆనకట్ట గోడ మీద నీటిమట్టం తెలిపే అంకెలు నల్లరంగులో నిలువునా రాసి ఉంటాయి. పద్నాలుగేళ్లు పొద్దున్నే ఆ అంకెలు నీళ్లపైన బారుగా కనబడేవి. ఇప్పుడు పైన రెండే మిగిలాయి. తక్కినవన్నీ కింద ఉన్నాయి.

నీళ్లు పన్నెండు మీటర్లు పైకి లేచాయి. వాటితో పాటు పడవ లేచింది, పడవతో పాటు ఆయనా లేచాడు, ఆయన చేతిలో తాడూ లేచింది. గొట్టం నోరు మాత్రం గోడలో ఉన్నచోటే ఉంది. ఆయన పదో ముడి పట్టుకుని పైన వెచ్చటి నీళ్లలో తిరుగుతుంటే, అది ఇరవైరెండో ముడి లోతున, ఊపిరాడని చీకట్లో నోరు తెరుచుకుని ఉంది. నీళ్లపై నుంచి కొలవడం అంత తేలికైన అలవాటు. గోడ నుంచి కొలవాలని పద్నాలుగేళ్లలో ఒక్కరోజూ తట్టలేదు.

పడవ అటూ ఇటూ తిరుగుతుంటే చాలాసేపు అలాగే కూర్చున్నాడు.

సాయంత్రానికి అక్క తొట్లు ఖాళీ చేయించి, గొయ్యి తవ్వించి, సున్నం చల్లిస్తోంది. ముడులాయన వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాడు. అక్క వింటున్నంతసేపూ గొయ్యి వైపే చూసింది.

"నా తప్పేనక్కా."

"లెక్క తప్పడం మనుషులకి ఉన్నదే. నేనూ తప్పుతాను. కానీ మేత అన్నావు చూడు." ఆవిడ గొంతు పెంచలేదు. "చేతుల్లో పెట్టి పెంచిన పిల్లలు చచ్చిపోతుంటే ఫోను చేశాను. నిన్ను తిట్టడానికి కాదు, ఏం చెయ్యాలో అడగడానికి. నువ్వు మేత అన్నావు."

ముడులాయన తల వంచుకుని గొయ్యిలోకి చూశాడు.

"ఆరో తొట్టి మిగిలింది. పై ట్యాంకులో ముందే పట్టిన మంచి నీళ్లు దానికి నాలుగు రోజులకి వస్తాయి. ఆ తర్వాత దాని దారీ ఇదే. రేపట్నుంచి నాకు ఫోను చెయ్యకు."

మర్నాడు పొద్దున్నే పవర్‌హౌసుకి వెళ్లాడు. అక్కడ ఇంజినీరు పాతికేళ్లు దాటిన అమ్మాయి. ఇంజినీరమ్మ అనేవారు అందరూ. ముడులాయన బల్లమీద రెండు సీసాలు పెట్టాడు, ఒకటి గోధుమరంగు, ఒకటి తెలుపు. ఆవిడ రెండూ చూసింది. తర్వాత రిజిస్టరు తెరిచింది.

"బాబాయ్, మీ పుస్తకం ప్రకారం కిందికి పోయే నీళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. నిన్నటి తేదీతో సహా మీ సంతకమే. ఇప్పుడు నేను టర్బైను ఆపాలనో, పై గేటు తెరవాలనో పైవాళ్లకి ఏమని రాయను?"

"నా పుస్తకం తప్పని రాయండమ్మా."

"నేనెలా రాస్తాను? మీ సంతకాన్ని మీరే కొట్టెయ్యాలి. రిటైర్‌మెంటు దగ్గర పెట్టుకుని..." ఆవిడ ఆగింది. "ఆలోచించుకుని చెప్పండి."

"ఎన్ని రోజులు ఆలోచించుకోవచ్చు?"

"మీ ఇష్టం."

"చేపపిల్లలకి మూడు రోజులే ఉంది."

మధ్యాహ్నం ఇంటికి వచ్చి, తిండి ముట్టకుండా కాగితాల ముందు కూర్చున్నాడు. రాశాడు, చింపాడు. మళ్లీ రాశాడు. 'నీటిమట్టంలో అనుకోని మార్పు వల్ల' అని మొదలుపెట్టి చదువుకుంటే, తప్పంతా వానదే అన్నట్టు వచ్చింది. భార్య వెనకనుంచి చూసింది.

"మేత ఎక్కువైందని రాసినట్టే ఉంది" అంది.

ఆయన ఆ కాగితాన్నీ చింపాడు.

"అక్కయ్యకి చెప్పడం కష్టమా, ఆఫీసుకి చెప్పడమా?" అని అడిగింది ఆవిడ.

"ఆఫీసుకి కాగితం ఇస్తే చాలు. అక్కకి మొహం చూపించాలి."

"అయితే ముందు కాగితం కానివ్వండి. మొహం ఎక్కడికీ పోదుగా."

చివరికి రాసింది నాలుగే వాక్యాలు. నీళ్లు నిండిన నాటి నుంచి నేను కొలిచింది గొట్టం నోటి దగ్గర నీళ్లు కాదు. కొలిచినట్టు సంతకం చేశాను. పొరపాటు నాది. ఇకమీదట లోతు నీళ్లపై నుంచి కాకుండా గోడ అంకె నుంచి లెక్కపెడతాను. తర్వాత ల్యాబుకి వెళ్లి రిజిస్టర్లు ముందేసుకుని, ఎనిమిది నెలల పుటలు ఒక్కొక్కటీ తిప్పుతూ ప్రతి అంకె మీదా ఎర్రసిరాతో అడ్డగీత గీసి పక్కన చిన్న సంతకం పెట్టాడు. రెండు వందల నలభై పైచిలుకు గీతలు. అంతకుముందు ఆ పుస్తకాల్లో ఒక్క కొట్టివేత లేదు. కొత్తగా చేరినవాళ్లకి అవి తెరిచి చూపించి మురిసిపోయిన మనిషి ఆయన.

ఇంజినీరమ్మ ఆ పుటలన్నీ చివరిదాకా తిప్పి చూసింది. అదే సాయంత్రం పై గేటు ఒక అడుగు లేపించింది. పైనీళ్లు కొన్ని, అడుగునీళ్లు కొన్ని కలిసి పోతే సరిపోతుందని ఇద్దరూ అనుకున్నారు.

సరిపోలేదు. మర్నాడు ముడులాయన ఏటి ఒడ్డున, అక్క కాలవ మొదలయ్యేచోట పట్టి చూస్తే దాదాపు తెలుపే. ఏట్లోకి దిగి చూశాడు. నడుం దగ్గర వెచ్చగా ఉంది, పాదాలు చలికి కొంకర్లు పోతున్నాయి. వెచ్చటి పైనీళ్లు తేలికగా మీదమీదే జారిపోతున్నాయి. చల్లటి చచ్చిన నీళ్లు వాటి కింద అలాగే పాకుతున్నాయి. కాలవ మొదలు అడుగున ఉంది. ఒకే ఏట్లో ఒకదాని మీద ఒకటి పోతున్నా అవి కలవడం లేదు.

తడిబట్టలతోనే పవర్‌హౌసుకి వెళ్లాడు.

"కలవట్లేదమ్మా. వేరే దారి చూడాలి."

"ఉన్నది ఒక్కటే బాబాయ్. టర్బైను కింద గాలి కవాటం ఉంది. తెరిస్తే తిరిగేటప్పుడు తనంతట తనే బయటి గాలిని లాక్కుంటుంది, నీళ్లతో చిలుకుతుంది. కానీ కరెంటు రెండు శాతం పడిపోతుంది. రెండు శాతం ఏమైందని ఫోను మీద ఫోను వస్తుంది నాకు."

"చేపలు తాగాయని చెప్పండి."

ఆవిడకి నవ్వు వచ్చింది, ఆపుకుంది. పెన్ను తిప్పుకుంటూ కూర్చుంది. ఆ పెన్ను ఆగేదాకా ముడులాయన ఆవిడ వేళ్లనే చూశాడు.

"వారం రోజులు ప్రయోగం అని రాస్తాను" అంది. "వారం తర్వాత మీ ఇరవైరెండో ముడి అంకెలు నా బల్ల మీద ఉండాలి. పదో ముడివి కాదు."

మర్నాడు ఉదయం కవాటం తెరిచారు. పవర్‌హౌసు గోడల్లో ఒక పెద్ద జంతువు ఊపిరి పీల్చినట్టు చప్పుడైంది. బయట ఏట్లోకి వచ్చే నీళ్లు నురగలు కక్కుతూ తెల్లగా లేచాయి. ముడులాయన కాలవ మొదట్లో గంటకోసారి పట్టాడు. ఒకటిన్నర. మూడు. మూడున్నర. మధ్యాహ్నానికి నాలుగున్నర. ఆరు కాదు. కానీ సీసాలో మడ్డి గోధుమరంగులో ఉంది. ఈసారి రంగు చూసి అంకె చెప్పుకోలేదు. ల్యాబుకి పరుగెత్తి, రెండుసార్లు కొలిచి, అప్పుడు నమ్మాడు.

పై ట్యాంకులో నీళ్లు అడుగంటే రోజు అది. ఫోను చెయ్యొద్దని అక్క చెప్పింది గనక ముడులాయన సైకిలెక్కాడు. అక్క ఆరో తొట్టి గట్టు మీద కూర్చుని ఉంది. పిల్లలు కొన్ని అప్పుడే పైకి వచ్చి తిరుగుతున్నాయి. ఆయన ఆవరణ గేటు దగ్గర ఆగాడు, లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

"నాలుగున్నర ఉందక్కా. కాలవ దగ్గరే పట్టాను. ల్యాబులో రెండుసార్లు కొలిచాను."

అక్క లేచి బకెట్ తీసుకుని కాలవ దగ్గరకి నడిచింది. నీళ్లు ముంచి ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. వెనక్కి వచ్చి చిన్న వలతో తొట్టిలోంచి పది పిల్లల్ని తీసి ఆ బకెట్లో వేసింది. బకెట్‌ని నీడలో పెట్టి, దాని ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పద్నాలుగేళ్లలో మొదటిసారి ఆవిడ తమ్ముడి మాట మీద కాకుండా తన కళ్ల మీద ఆధారపడింది. ముడులాయనకి అది గుచ్చుకుంది. సబబుగానూ అనిపించింది. రెండు అడుగుల దూరంలో ఆయనా నేలమీద కూర్చున్నాడు.

పది పిల్లలూ ముందు అడుగుకి వెళ్లిపోయి ఒకచోట గుంపుగా నిలబడ్డాయి. అరగంట గడిచింది. ఒకటి పైకి వచ్చింది. అక్క చెయ్యి నేలని అదిమి పట్టుకుంది. అది నీటి మీద ఒక చుట్టు చుట్టి, నోరు తెరవకుండానే మళ్లీ కిందికి దిగింది.

"గాలి కోసం కాదు" అన్నాడు ముడులాయన మెల్లగా.

"నాకు తెలుసు."

గంటయింది. తొట్టిలో పైకి వచ్చి తిరిగే పిల్లలు ఎక్కువయ్యాయి. అక్క రెండుసార్లు లేచి అటు చూసి, మళ్లీ వచ్చి బకెట్ ముందే కూర్చుంది. తొందరపడలేదు. చిన్నప్పుడు జ్వరమొస్తే తన పక్కన కూడా ఇలాగే, నుదుటి మీద చెయ్యి వెయ్యకుండా, కళ్లు మాత్రం తిప్పకుండా కూర్చునేదని ముడులాయనకి గుర్తొచ్చింది. రెండు గంటలు నిండేసరికి బకెట్లో పిల్లలు గుంపు విడిపోయాయి. ఒకటి ఇంకొకదాన్ని తరిమింది. రెండు మూడు బకెట్ అంచుని పొడుస్తూ తిరుగుతున్నాయి.

"ఆకలేస్తోంది వీటికి" అంది అక్క.

"గాలి నాలుగున్నరే ఉంది గనక మేత..." అని మొదలుపెట్టి ముడులాయన నాలిక కరుచుకున్నాడు.

అక్క ఆయన వైపు తిరిగింది. మూడు రోజుల తర్వాత ఆయన మొహం వైపు నేరుగా చూడడం అదే.

"అను. మొదలుపెట్టావుగా."

"ఈ పూటకి వెయ్యకపోతే మంచిది."

అక్క బకెట్లోకి చూసింది. తర్వాత ఆరో తొట్టి వైపు చూసింది. మోకాళ్ల మీద చేతులు ఆనించి నెమ్మదిగా లేచింది.

"వెయ్యనులే" అని, కాలవ గేటు తెరవడానికి వెళ్లింది.